ఉప్పునీళ్ళ నడుమ కట్ట

మా మడకశిర వైపు కట్ట అంటే చెరువు కట్టే. వానొస్తే నీళ్ళు నిలవాలి, కట్ట తెగకూడదు. అందుకే సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డెక్కినప్పుడు నా చూపు ఫ్లెమింగోల మీదికి కాదు, గట్టు అంచుల మీదికి పోయింది.

శ్రీహరికోట సముద్రానికీ సరస్సుకీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుకదీవి. 1971 అక్టోబర్ 9న అక్కణ్ణుంచి రోహిణి-125 రాకెట్ ఎగిరింది. 2023 జులై 14న చంద్రయాన్-3. ఆకాశానికి పోయే ఆ బరువుల్లో చాలావరకు ముందు ఈ కట్టమీదుగా లారీల్లో రావాల్సిందే.

మట్టికట్టను అలలు ఒక్కసారిగా కూల్చవు. రాళ్ళ సందుల్లోంచి సన్నమట్టిని రోజూ కొంచెం లాక్కుపోతాయి. పెద్దరాయిని ఒరిపించి, సందులో చిన్నరాయిని దిగ్గొట్టే చెయ్యి ఎంత గొప్పదో చెరువు కింద బతికినవాళ్ళకు తెలుసు. ఇక తూములు. మా తూము నీటిని పొలానికి వదులుతుంది. ఇక్కడి తూము రోడ్డుకు రెండు వైపులా ఉన్న సరస్సును కలుపుతుంది. అది పూడితే చేపకూ దారి ఉండదు. నడుములోతు బురదలో దిగి పూడిక తీసే మనిషికి నేను చేతులెత్తి మొక్కుతాను.