ఆయిల్ తాగే బండి

పాత పెట్రోల్ కారు ఆయిల్ తాగుతోందంటే చాలు, వినేవాళ్లు రెండే సలహాలిస్తారు. అమ్మేయండి, లేదా ఇంజన్ దింపించండి. పదిహేనేళ్లు దాటి ఆర్సీ రెన్యువల్ కూడా అయిన మా కారుకీ అవే సలహాలు వచ్చాయి. రెండూ తొందరపాటేనని నా అభిప్రాయం. ఆయిల్ తాగి పోయిన ఇంజన్ల కన్నా, తాగుతున్న సంగతి ఎవరూ చూడక ఎండిపోయి పట్టేసిన ఇంజన్లే ఎక్కువ.

లెక్క చూడండి. చిన్న కారు ఇంజన్‌లో పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లు. డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ తేడా చాలా బళ్లలో లీటరుకి అటూ ఇటూ. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు తాగే బండి రెండు వేలకే కింది గీతకి దిగిపోతుంది. సర్వీసింగేమో పదివేలకు! ఈలోగా ఏదైనా అయితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుందిలే అని చాలామంది ధీమా. చాలా కార్లలో ఆ లైటుకి తెలిసింది ఆయిల్ ప్రెషర్ ఒక్కటే, మట్టం సంగతి దానికి పట్టదు. అది వెలిగేసరికి పంపు గాలి పీలుస్తూ ఉంటుంది, క్రాంక్ బేరింగులు అరగడం మొదలై ఉంటుంది.

అందుకని మా ఇంట్లో ఆదివారం పొద్దున బండి తీసేముందు, చదునైన నేల మీద, డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడడం ఒక అలవాటు. పై గీత దాకా నింపిన రోజు మీటరు రీడింగు, మళ్లీ పోసిన కొలత, రెండూ రాసి ఉంచుతాను. ‘ఎక్కువగా తాగుతోంది’ అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. ‘వెయ్యికి ఇంత’ అంటే వెంటనే అర్థమవుతుంది. వెయ్యికి అర లీటరు, లీటరు దాకా పోవడం మామూలేనని మాన్యువల్‌లోనే రాసుకున్న కంపెనీలున్నాయి.

పోయే ఆయిల్ అంతా కాలిపోతోందనుకోకూడదు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిస్తే, ట్యాపెట్ కవర్ గాస్కెట్ కారుతోందో, క్రాంక్ సీల్ కారుతోందో మరక పడిన చోటే చెబుతుంది. అట్ట శుభ్రంగా ఉంటే అప్పుడు పొగ చూడాలి. రాత్రంతా నిలబడ్డ బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ గుప్పున వచ్చి ఆగిపోతే, వాల్వ్ సీల్స్ గట్టిపడ్డాయని అనుమానించాలి. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి వచ్చి, కింద మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అనుమానం వాటి మీదికే పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద, ఆగకుండా వస్తే పిస్టన్ రింగుల పని. ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ బిగుసుకుపోయినా ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి కాలుతుంది. ఇంజన్ దింపే ఖర్చు ముందు ఆ చిన్న వాల్వ్ ఖరీదు లెక్కలోకే రాదు. అయినా దాన్ని ఆఖర్న చూస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ పద్ధతి నాకు ఇష్టం. ప్లగ్గులన్నీ విప్పి వరసగా గుడ్డ మీద పెడతాడు. మా కారువి అలా పెట్టినప్పుడు మిగతావి ఇటుక రంగులో పొడిగా ఉంటే, ఒక్కటి మాత్రం నల్లగా, జిడ్డుగా తడిసి ఉంది. ప్రతి సిలిండర్‌లోనూ కంప్రెషన్ గేజు పెట్టి చూశాడు. తర్వాత ఆ జిడ్డు ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందు మూసి రీడింగు పెరుగుతుంది. ఇక్కడ ముల్లు కదల్లేదు, మొదట చూపించిందీ తక్కువేం కాదు. ‘రింగులు బానే ఉన్నాయి సార్. సీల్స్ మారుద్దాం, హెడ్ దింపక్కర్లేదు’ అన్నాడు.

హెడ్ దింపకుండా ఎలా? ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి తాడు లోపలికి దూర్చి, చేత్తో క్రాంక్ తిప్పి పిస్టన్‌ని పైకి తెస్తే, ఆ తాడు చుట్ట వాల్వులను కింద నుంచి ఎత్తిపట్టి ఉంచుతుంది. అప్పుడు స్ప్రింగు తీసినా వాల్వు లోపలికి జారదు. పాత సీలు రబ్బరు గోరుతో నొక్కితే విరిగింది. కొత్తది చేతిలో సాగింది.

చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందని చెప్పేవాళ్లున్నారు. అరిగిన ఇంజన్‌లో కొంత తగ్గే మాట నిజమే. కానీ 5డబ్ల్యూ-30 కోసం చేసిన సన్నటి దారుల్లోకి 20డబ్ల్యూ-50 పొద్దున్నే అంత త్వరగా పాకదు. పైగా ఆయిల్ కాలుతున్నంతకాలం అందులోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తూనే ఉంటుంది. దాని ధర తెలిస్తే సీల్స్ ఖర్చుకి ఎవరూ వెనకాడరు.

మా బండి ఇప్పటికీ కొంచెం తాగుతుంది. డిక్కీలో అదే గ్రేడు లీటరు డబ్బా ఉంటుంది. పాత బండి కొనేవాళ్లకు మాత్రం ఒక మాట: పొద్దున్నే, చెప్పిన టైముకన్నా ముందే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పొగ వదిలించి ఉండొచ్చు. ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.