ఎద్దు మళ్ళిన సాలు

యాగంటి బసవన్నా, ఏటేటా పెరుగుతావని, కలియుగాంతాన లేచి రంకె వేస్తావని మా పెద్దలు చెప్పగా విని పెరిగినదాన్ని. నీ మూపురానికి దండం పెట్టుకుని, నీ నడక తెలిసిన ఇంకో రాతిని చూడవచ్చాను.

ఎర్రగుడి బండా, నీకూ దండం! గుత్తి, పత్తికొండ దారిలో గోడలూ గాజు పెట్టెలూ లేని మా కర్నూలు సీమ మ్యూజియం నువ్వు. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా అశోకుని మాటల్ని ఎండకు ఎండి, వానకు తడిసి కాపాడావు.

నీ మీద వేలు ఆనించను. వేలి నీడతోనే చదువుకుంటాను. కూడిక గుర్తులా ఉన్నది క, గుడిసె కప్పులా ఉన్నది గ. నీ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. సాలు చివర మడకను తిప్పుకుని, ఎద్దులు మళ్ళీ నేలలోకి దిగినట్టే! బ్రాహ్మి లిపిలో ఇది అరుదు. తొలినాటి గ్రీకులూ ఇలాగే రాసేవారు. ఆ రాతకు వాళ్ళ భాషలో ఉన్న పేరు బౌస్ట్రోఫెడన్. ఎద్దు మళ్ళినట్టు అని దాని అర్థం. మా రేగడి చేలల్లో రోజూ కనిపించే మలుపు అది.

పక్క బండల మీద పెద్ద శాసనాలున్నాయి. కళింగలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టారని రాజు కుమిలిపోయిన పదమూడో శాసనంలో అంతియోక, తురమాయ, అంతెకిన, మక, అలికసుందర అనే అయిదుగురు యవన రాజుల, అంటే గ్రీకు రాజుల, పేర్లు. సిరియా, ఈజిప్టు, మాసిడోనియా, ఆపైన ఇంకా దూరాలు. ఆ శాసనంలోనే ఆంధ్రుల పేరూ ఉంది తల్లీ! నైలు ఒడ్డు రాజుకూ మనకూ ఒకే ఉలి పలకరింపు. కాందహార్‌లో దొరికిన పలకమీద ఈ దుఃఖమే గ్రీకు అక్షరాల్లో ఉంది.

నాకు మాత్రం రెండో శాసనం దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి. అంతియోకుని నేలమీదా, అతని ఇరుగుపొరుగు రాజుల నేలమీదా వైద్యం రెండు రకాలుగా ఏర్పాటు చేశానంటాడు అశోకుడు: మనుషులకొకటి, పశువులకొకటి. మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడు. దారుల వెంట బావులు తవ్వించాడు, మనుషులూ పశువులూ తాగడానికి.

బసవన్నా, విన్నావా? పశువులకు కూడా.