మిద్దె మీది విత్తనాల సీసాలు

మోండా మార్కెట్లో దొరకని కూరగాయ కావాలంటే సికింద్రాబాద్ మిద్దెతోటల వాళ్లను అడగాలి. రెక్కల చిక్కుడు, తమ్మకాయ, బుడమకాయ: వీళ్ల సీసాల్లో ఇవన్నీ బూడిద పూసుకుని, పేరూ సంవత్సరమూ రాసిన చీటీలతో ఉంటాయి.

దాచడం కన్నా జాతి చెడకుండా చూడడమే అసలు పనితనం. చిక్కుడుతో పెద్దగా బెంగ లేదు, చాలావరకు తన పుప్పొడితోనే కాస్తుంది. బీర, సొర అలా కాదు. పక్కింటి మిద్దె మీంచి ఏ పుప్పొడి వచ్చి పడుతుందో! అందుకే విచ్చబోయే మొగ్గలను ముందే దారంతో కట్టి, వేళకు మగపువ్వును ఆడపువ్వుకు తాకించి మళ్లీ మూసేస్తారు. బోడకాకర మరీ గడుసుది. ఆడతీగ వేరు, మగతీగ వేరు. గింజ నాటితే ఏది వచ్చిందో పూత దాకా తెలియదు. కనుక తెలిసిన తీగ దుంపలనే పంచుకుంటారు.

ఇదే పట్టుదలతో జహీరాబాద్ ప్రాంతపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు పాత పంటల విత్తనాలు కాపాడారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఇక కలుపు. తుంగను పైపైన పీకితే లాభం లేదు, కింద గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. కుండీ మట్టంతా దిమ్మరించి జల్లెడ పట్టే ఓపికకే అది లొంగుతుంది.

1950ల్లో పుణెలో కనబడ్డ వయ్యారిభామ దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. ప్రహరీ పక్కన మాత్రం చేతికి తొడుగులేసుకుని, పూతకు ముందే వేళ్లతో సహా లాగేయడమే తోటవాళ్లకు తెలిసిన మందు.