హాగిస్‌కి సలాం కొట్టిన కవి

గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్ రవ్వ, కొవ్వు, ఉల్లిపాయలు, మిరియాలు కలిపి, ఆ గొర్రె పొట్టలోనే కూరి ఉడకబెడితే హాగిస్. స్కాట్లండ్ జాతీయ వంటకం. బయటివాళ్ళు వింటేనే మొహం చిట్లిస్తారు. ఊపిరితిత్తులు మనుషులు తినే సరుకు కాదని అమెరికా 1971లో నిషేధం కూడా పెట్టింది. బోటీ, కలేజీ, పాయా తిని పెరిగిన మనకి ఇందులో వింతేముంది? నా ఆసక్తి ఆ వంట మీద కాదు, దాని మీద రాబర్ట్ బర్న్స్ 1786లో రాసిన పద్యం మీద.

బర్న్స్ కౌలు రైతు కొడుకు. పళ్ళెంలోని హాగిస్‌ని ఒక దొరని పలకరించినంత మర్యాదగా పలకరిస్తాడు. ఫ్రెంచి వంటకాలు మరిగిన నాజూకు మనిషిని ఎండిన గడ్డిపోచ అని ఎగతాళి చేస్తాడు. అదీ ఇంగ్లీషులో కాదు, స్కాట్స్‌లో. ఎడింబరో పెద్దమనుషులు మోటుదని సిగ్గుపడి తమ రాతల్లోంచి ఏరి పారేస్తున్న భాష అది. ఉర్దూలో జుబాన్ అంటే నాలుక, భాష కూడా. బర్న్స్ రెండింటి పరువూ ఒకేసారి నిలబెట్టాడు. మన దక్కనీని లక్నో ఉర్దూతో కొలిచి నవ్వేవాళ్ళని చూసిన పాఠకుడికి ఆ పని బరువెంతో వేరే చెప్పక్కర్లేదు.

పద్యం రెండో సగం మాత్రం నాకు మింగుడు పడదు. హాగిస్ తిన్న పల్లెటూరివాడి చేతికి కత్తిచ్చి తలలూ చేతులూ నరికిస్తాడు. నవ్వించడానికే కావచ్చు. అయినా నా తిండి మంచిదని చెప్పుకోవడానికి ఎదుటివాడు బలహీనుడు కావాలా? అవమానపడ్డవాళ్ళ ఆత్మగౌరవం కండబలం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

బర్న్స్ పోయాక 1801లో మిత్రులు ఆయన పుట్టిన అలోవేలో కూడి విందు చేసుకున్నారు. ఇప్పుడు ఏటా జనవరి 25న బాగ్‌పైప్ మోగిస్తూ హాగిస్‌ని ఊరేగింపుగా బల్ల మీదికి తెస్తారు, పద్యం చదివి కోస్తారు. పేదవాడి కూడు పెద్దవాళ్ళ క్లబ్బుల్లో ఒక రాత్రి మురిపెం అయింది. ఇంకోపక్క గ్లాస్గోలో మన ఉపఖండం వాళ్ళ హోటళ్ళల్లో దాన్నే శనగపిండిలో ముంచి పకోడీ వేస్తున్నారు. నాకు ఈ పకోడీయే నచ్చింది, దానికి ఊరేగింపు అక్కర్లేదు.

ఇంకొకటి. పద్యంలో హాగిస్‌ని కోసేవాడున్నాడు, తినేవాళ్ళున్నారు, తిని ఆయాసపడి దేవుడికి దండం పెట్టే ముసలాయనా ఉన్నాడు. ఆ పొట్టని గీకి గీకి కడిగిన మనిషి లేదు. మన రాతల్లో మాత్రం ఉందా? బిర్యానీ, హలీం, నవాబుల దస్తర్‌ఖాన్ గురించి ఎన్ని పేజీలైనా నింపుతాం. నల్లా దగ్గర గొంతుక్కూర్చుని, సున్నం వేసి, వేణ్ణీళ్ళతో బోటీ కడిగే అమ్మీ మీద ఎన్ని పద్యాలున్నాయో మన కవులే లెక్క చెప్పాలి.