విప్పడానికి వీలుగా బిగించడం

వెనక చక్రం ఇరుసు నట్టును చాలా సర్వీసు సెంటర్లలో గాలి గన్నుతో బిగిస్తారు. రెండు క్షణాల్లో పని అయిపోతుంది. ఊళ్ళో తిరిగే బండికి దానివల్ల ఇబ్బంది లేదు. అదే బండి మనిషి జాడ లేని మట్టిదారిలో ఒంటరిగా పోవలసి వచ్చి, అక్కడ వెనక టైరు పంచరైతే, సంచిలోని జానెడు పానాకు ఆ నట్టు లొంగదు. అందుకని దూరప్రయాణాలకు బండ్లు సిద్ధం చేయడం తెలిసిన మెకానిక్ గన్ను ముట్టుకోడు. కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువు చూసుకుని చేత్తో బిగిస్తాడు. ఆ తర్వాత ప్రయాణికుడు వెంట తీసుకుపోయే పానానే అతని చేతికిచ్చి విప్పమంటాడు. “ఈడ నేనున్న సార్. ఆడ ఎవరుంటరు? మీరే విప్పుండ్రి,” అని ఒక వస్తాద్ అనగా విన్నాను. ఒంటరి ప్రయాణానికి బండిని తయారుచేసే పనితనమంతా ఆ మాటలో ఉంది. బిగింపు ఎంత గట్టిగా ఉందో చూడడం సగం పని. ఒక్క మనిషి, రెండు చేతులు, ఒక చిన్న సంచి, వీటితో అది ఊడివస్తుందా అన్నది మిగతా సగం.

మొయినాబాద్, చేవెళ్ల దాటి మన్నెగూడ వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్ బైకర్లకు చిరపరిచితం. ఆదివారం పొద్దున్నే వందలాది మర్రిచెట్ల నీడలో అనంతగిరి కొండలకు పోయే బండ్లు ఈ దారినే పట్టుకుంటాయి. వాటిలో చాలావాటికి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడమే గమ్యం. ఎక్కడో ఒకటి మాత్రం వేరేగా కనిపిస్తుంది: అద్దాలు తీసేసి ఉంటాయి, సామాను సంచుల్లో బట్టలకు బదులు ఇసుక మూటలు ఉంటాయి, నడిపేవాడు తారు రోడ్డు వదిలి వికారాబాద్ దగ్గరి ఎర్రమట్టి బాటల్లోకి దిగిపోతాడు. అది షికారు కాదు, ఆస్ట్రేలియా ఎడారిలో ఒంటరి ప్రయాణానికి ముందు పరీక్ష. అనంతగిరి మీది జేగురు రాతినేల ఎరుపూ, ఆస్ట్రేలియా నడిభాగంలోని ఎడారి నేల ఎరుపూ ఇనుము తుప్పువల్ల వచ్చినవే. పొడి కాలంలో ఇక్కడి దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎంత చొరబడుతుందో చూసుకుంటే అక్కడి దుమ్ము గురించి కొంత అంచనా వస్తుంది.

మన దగ్గర దూరప్రయాణాల సంప్రదాయం చిన్నదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సనా ఇక్బాల్ 2015–16లో బుల్లెట్ మీద ఒంటరిగా దేశమంతా తిరిగింది. దారి పొడవునా విద్యార్థులతో ఆత్మహత్యల నివారణ గురించి మాట్లాడింది. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల దాకా సుమారు 17,000 కిలోమీటర్లు బజాజ్ డామినార్ బండ్ల మీద వెళ్ళారు. నలుగురు కలిసి పోతే ఒకరి సంచిలో లేని పానా ఇంకొకరి సంచిలో ఉంటుంది, పడిన బండిని లేపడానికి ఇంకో జత చేతులుంటాయి. ఒంటరి మనిషికి ఈ రెండూ ఉండవు. ఆస్ట్రేలియాలో ఔట్‌బ్యాక్ అనే నిర్జన ప్రాంతంలో ఆ లోటు నిలువెత్తున ఎదురవుతుంది.

ఆ దారుల లెక్క ఒకటి చూద్దాం. మారీ నుంచి బర్డ్స్‌విల్ దాకా పోయే బర్డ్స్‌విల్ ట్రాక్ పొడవు 517 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు దొరికేది మంగెరానీ దగ్గర, మారీ నుంచి సుమారు 200 కిలోమీటర్లు పోయాక. అక్కడినుంచి బర్డ్స్‌విల్‌కు ఇంకో 310 కిలోమీటర్ల పైచిలుకు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు 15 లీటర్ల ట్యాంకు. మన తారు రోడ్డు మీద లీటరుకు ముప్పై ఇస్తుంది కాబట్టి 450 కిలోమీటర్లు పోవచ్చని ఎవరైనా అనుకుంటారు. ఇసుక, ఎదురుగాలి, నెత్తిన సామాను కలిస్తే లీటరుకు ఇరవై రెండే వస్తుందనుకోవాలి. చివరి లీటరును నమ్ముకోకూడదు. పద్నాలుగు ఇరవై రెళ్ళు 308. బండి ఊరి పొలిమేరకు ముందే ఆగిపోతుంది. అయిదు లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంటే ఇంకో 110 కిలోమీటర్లు చేతిలో ఉన్నట్టు. ఈ ఇరవై రెండు అన్న అంకె ఊహించి వేసుకునేది కాదు. పూర్తి బరువుతో మట్టిబాటల్లో ట్యాంకు నింపి, తిప్పి, మళ్ళీ నింపి కొలుచుకోవాలి. వికారాబాద్ బాటల్లో ఇసుక మూటలతో తిరిగేది అందుకే.

ఇక చక్రం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ పనిలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది అదే. వదులు మట్టి రోడ్డు మీద చక్రాలు చిన్న మిట్టకు ఎగిరి, దిగిన చోట మట్టిని నెట్టి, అక్కడ ఇంకో మిట్ట లేపుతాయి. వేల చక్రాలు పోయాక రోడ్డంతా ఇంటిమీది సిమెంటు రేకులా అలలు తేలుతుంది. ఈ అలల మీద గంటల తరబడి పోతుంటే మొదట వదులయ్యేవి స్పోకులు. అచ్చుపోసిన అలాయ్ చక్రం రాయి తగిలి పగిలితే అంతే సంగతులు. స్పోకుల చక్రాన్ని దారిలోనే సరిచేసుకోవచ్చు, కాని సరిచేయడం వచ్చి ఉండాలి.

బెండు తీసే చేయి ఎలా కదులుతుందో చూడండి. వస్తాద్ చక్రాన్ని గాల్లో తిప్పి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క నిలబెడతాడు. రిమ్ము పక్కకు వంగిన చోట సుద్ద గీత పడుతుంది. గీత ఉన్న వైపు స్పోకును పావు తిప్పు వదులు చేసి, ఎదురు వైపు స్పోకును పావు తిప్పు బిగిస్తాడు. పావు తిప్పే. అరతిప్పు తిప్పాడంటే తొందరపడుతున్నాడని అర్థం. మళ్ళీ తిప్పుతాడు, గీత తుడిచి మళ్ళీ సుద్ద పెడతాడు. పక్కల ఊగు పోయాక పైకీ కిందికీ ఎగిరే ఊగు చూస్తాడు. అన్నీ అయ్యాక పానా మొనతో ఒక్కొక్క స్పోకునూ తాకించి వింటాడు. బిగువుగా ఉన్నది ఖణేల్మంటుంది, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. కొలిచే యంత్రం అక్కర్లేదు. ప్రయాణికుడు రోజూ సాయంత్రం బండి ఆపాక చేయవలసిన పని కూడా ఇదే. ఆ శబ్దం చెవికి పట్టేదాకా వస్తాద్ అతనితో కొట్టిస్తాడు. కొత్త స్పోకులు వేస్తే కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ బిగించాలి, అవి తమ గుంటల్లో కుదురుకోవడానికి అంత సమయం పడుతుంది. బయల్దేరే ముందు రోజు కొత్త స్పోకులు వేయించుకోవడం తెలివైన పని కాదు.

ట్యూబు మార్చడం ఇంట్లో నేర్చుకోవాల్సిన విద్య. టైరు అంచు రిమ్ము నుంచి విడిపించడమే అందులో కష్టం. పంచరు షాపులో పెద్ద లివర్లుంటాయి, ఎక్కి తొక్కే మనిషి ఉంటాడు. ఒంటరివాడికి మోకాలు, సబ్బునీళ్ళు, రెండు మూడు చిన్న లివర్లు. కొత్త ట్యూబుకు పౌడరు రాసి, కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేసి లోపల పెడితే లివరుకు, రిమ్ముకు మధ్య నలిగి చిల్లు పడదు. హిమాలయన్ ముందు చక్రం 21 అంగుళాలది, వెనకది 17. రెండు ట్యూబులూ మోసుకుపోవడానికి చోటు లేనప్పుడు పాతకాపులు ముందు చక్రం ట్యూబునే తీసుకుపోతారు. అత్యవసరంలో దాన్నే మడత పడకుండా సర్ది వెనక టైరులో వేసుకుని ఊరు చేరవచ్చు.

క్లచ్ వైరు విషయంలో ఇంకా చక్కని ఉపాయం ఉంది. ఉన్న వైరు పక్కనే కొత్త వైరును అదే దారిలో, హ్యాండిల్ నుంచి ఇంజన్ దాకా పరిచి కట్టేస్తారు. రెండు కొనలకూ గ్రీజు పూసి, పాలిథిన్ చుట్టి, దుమ్ము పోకుండా టేపు వేస్తారు. దారిలో పాతది తెగితే ట్యాంకు విప్పనక్కర్లేదు, వైరు ఎటునుంచి పోవాలో వెతుక్కోనక్కర్లేదు. రెండు కొనలు మార్చి తగిలిస్తే బండి కదులుతుంది. ఈ కట్టుబడిలో మంచిచెడ్డలు తెలిసేది హ్యాండిల్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పినప్పుడు. ఎక్కడా లాగకూడదు, ఎక్కడా వేడి గొట్టానికి తగలకూడదు, వంపు ఏదీ మరీ ఇరుకు కాకూడదు. మంచి వస్తాద్ కట్టిన రెండో వైరు కళ్ళకు ఆనదు. మొదట చూసినప్పుడు నాకు అక్కడ ఒకటే వైరు ఉందనిపించింది.

ఇలాంటివే మరికొన్ని చిన్న పనులు. అదురుకు నట్లు ఊడకుండా పూసే లాక్‌టైట్‌లో నీలిది, ఎర్రది అని రెండు రకాలు. ఎర్రది పూస్తే వేడి చేస్తే గాని వదలదు. నీలిది పట్టి ఉంచుతుంది, పానాకు లొంగుతుంది. ఒంటరి బండికి నీలిదే. అల్యూమినియంలోకి దిగే ఇనుప బోల్టు మరలకు, అంటుకుపోకుండా రాగి గ్రీజు. ముఖ్యమైన ప్రతి నట్టు మీద, దాని కింది లోహం మీద కలిసేట్టు తెల్ల పెయింటుతో ఒక గీత. నట్టు కొంచెం తిరిగినా గీత విరుగుతుంది, ఆగిన చోట టీ తాగుతూ బండి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. అదనపు చైను లింకుకు పెట్టే క్లిప్పు మూసుకున్న వైపు చైను పరిగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే రాయి తగిలి ఎగిరిపోతుంది. 2016 నాటి హిమాలయన్ ట్యాపెట్లను స్క్రూతోనే సరిచేసుకోవచ్చు. ఒక ఫీలర్ గేజీ సంచిలో ఉంటే ఆ పనికి ఎవరి కోసమూ ఎదురు చూడనక్కర్లేదు. ఈ బండి తనకంటే శక్తిగల బండ్ల కన్నా మేలనిపించేది అలాంటి చోటే.

పానాల సంచి ఎలా తయారవుతుందో చెప్పాలి. దుకాణంలో అమ్మే సెట్టు కొని వేసుకుంటే సగం పానాలు పనికిరావు, కావలసినది ఒకటి ఉండదు. సరైన పద్ధతి ఇది: బండి పక్కన సంచి పరిచి, చక్రాలు రెండూ, బ్రేకు ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్, వైర్లు, ట్యాపెట్ మూతలు అన్నీ ఆ సంచిలోవాటితోనే విప్పి బిగించాలి. గోడమీది పానా కోసం చేయి చాచిన ప్రతిసారీ అది సంచిలోకి పోవాలి. పని పూర్తయ్యాక ముట్టుకోనిదేదైనా సంచిలోంచి బయటికి రావాలి. సంచి చివరికి చిన్నదే అవుతుంది. అందులో ఉన్న ప్రతిదానికీ బండిమీద ఒక చోటు ఉంటుంది.

సామాను కట్టు గురించి అభిప్రాయభేదాలున్నాయి. నా మొగ్గు గుడ్డ సంచుల వైపే. ఇనుప పెట్టెలు చూడటానికి దర్జాగా ఉంటాయి, ఇసుకలో బండి ఒరిగితే కాలు వాటికింద నలుగుతుంది. బండి బరువు సుమారు 200 కిలోలు. మీద నీళ్ళు, పెట్రోలు. దాన్ని ఒక్కడే లేపాలంటే ముందు సంచులు విడివడాలి, అందుకే పట్టీలు ఒక నిమిషంలో ఊడాలి. తర్వాత హ్యాండిల్‌ను కిందికి పూర్తిగా తిప్పి, సీటుకు నడుము ఆనించి, వీపు నిటారుగా ఉంచి చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపాలి. కుడివైపు పడితే లేపే ముందే సైడు స్టాండు దించి ఉంచాలి, లేకపోతే లేచిన బండి అవతలివైపు పడిపోతుంది. ఖాళీ స్థలంలో కావాలనే బండి పడేసి ఇది సాధన చేసేవాళ్ళను చూస్తే చిత్రంగా ఉండొచ్చు. నాకు వాళ్ళమీద గౌరవం.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. ఆస్ట్రేలియాలోని గ్రేట్ సెంట్రల్ రోడ్డు ఆదివాసీ భూముల గుండా పోతుంది, ముందే అనుమతి తీసుకోవాలి. అక్కడి బంకుల్లో ఓపల్ అనే పెట్రోలు అమ్ముతారు. పెట్రోలు పీల్చే అలవాటును అరికట్టడానికి 2005లో బీపీ కంపెనీ తెచ్చింది అది, బండ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ అక్కడ తప్పనిసరి అనుకోవాలి. శాటిలైట్ ఫోన్లు, సందేశ పరికరాలు మాత్రం అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, అక్కడికి చేరాకే సమకూర్చుకోవడం మంచిది. ఈ దారుల సంగతి వచ్చింది గనక లెన్ బీడెల్‌ను తలుచుకోవాలి. 1950ల్లో గన్‌బ్యారెల్ హైవేతో మొదలుపెట్టి ఆ ఎడారిలో వేల కిలోమీటర్ల దారులు వేసిన సర్వేయరు. కూడళ్ళ దగ్గర అక్షాంశ రేఖాంశాలను చేత్తో అచ్చుకొట్టిన అల్యూమినియం పలకలు పెట్టి పోయాడు. తన వెనక ఒంటరిగా వచ్చేవాడికి పనికొచ్చే పని అది.

మెల్‌బోర్న్, పెర్త్‌లలో స్థిరపడిన తెలుగువాళ్ళు బండి అక్కడే కొనుక్కుంటారు. హిమాలయన్ అక్కడా అమ్ముతారు. ఇక్కడి బండినే తీసుకుపోవాలనుకుంటే ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ నుంచి కార్నే అనే కస్టమ్స్ పత్రం, ఓడ, చెక్కపెట్టె కావాలి. ఆస్ట్రేలియా జీవభద్రతా అధికారులు మట్టి, గడ్డి గింజ, పురుగు ఏదీ ఒప్పుకోరు. కాబట్టి బండిని మళ్ళీ విప్పాలి. మడ్‌గార్డుల లోపల, చైను కవరు వెనక, రేడియేటరు ఉన్న బండి అయితే దాని రెక్కల మధ్య, ఇంజన్ కింది పళ్ళెం మరలలో ఇరుక్కున్న అనంతగిరి ఎర్రమట్టి అంతా బ్రష్షుతో, టూత్‌బ్రష్షుతో, గాలితో తీయాలి. ఇది కూడా వస్తాద్ ప్రయాణికుడి చేతనే చేయిస్తాడు, ఎక్కడ ఏ బోల్టు ఉందో ఇంకోసారి చేతికి తెలుస్తుందని.

పెట్టెలో ఎక్కించేముందు ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, బ్యాటరీ తీగ తీసి, ముందు చక్రం, హ్యాండిల్ విప్పి, విప్పిన ప్రతి బోల్టును దాని రంధ్రంలోనే రెండు మరలు తిప్పి ఉంచుతారు. పానాల సంచి అన్నిటికన్నా చివర, పైన పెడతారు. పెట్టె మూత మరలు విప్పే స్క్రూడ్రైవర్ మాత్రం అందులో పెట్టరు. అది ప్రయాణికుడి విమానం సామానులో, చెక్-ఇన్ చేసే పెట్టెలో పోతుంది.