పాత్ర నోరు విప్పేదాకా

కథలు రాస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ‘మీకు తీరిక ఎక్కడ దొరుకుతుందండీ?’ అని. రెండోది ప్రశ్న కాదు, ఆర్డరు: ‘నా బతుకు చెబుతా, రాయండి, నవలైపోతుంది!’ ఆర్డరుకు నవ్వి ఊరుకుంటాను. ప్రశ్నకు మాత్రం జవాబుంది. మన కథను పెంచినవాళ్లలో చాలామందికి తీరికే లేదు. ‘గాలివాన’కు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినాయన. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు బడిపంతులు. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరు. ఆ కోర్టు వరండాలు లేకపోతే ‘ఆరు సారా కథలు’ ఎక్కణ్ణుంచి వచ్చేవి?

కాబట్టి టైము మీద నాకు పేచీ లేదు. పొద్దున్నే, ఇంట్లోవాళ్లు లేవకముందే కూర్చుంటాను. నా అవస్థంతా పాత్రల నోటితోనే.

ఇప్పుడు రాస్తున్న కథలో కొడుకు తల్లికి చెప్పకుండా పొలం అమ్మేశాడు. ఆవిడ చేత ‘నన్ను మోసం చేశావురా, నాకు చాలా బాధగా ఉంది’ అనిపించాను. పైకి చదివితే అచ్చం టీవీ సీరియల్. కొట్టేశాను. ‘నా కడుపున చెడబుట్టావు’ అన్నాను. సినిమాలు అరగదీసి వదిలేసిన మాట, అదీ పోయింది. మర్నాడు ఆవిణ్ణి ఏమీ అననివ్వకుండా కొడుక్కి అన్నం పెట్టించాను. చారు పోస్తూ తనే అడిగింది: ‘గట్టు మీద చింతచెట్టు కూడా ఇక వాళ్లదేనా?’

అమ్మయ్య అనుకున్నాను, కానీ కొత్త చిక్కొచ్చి పడింది. ఆవిడకు సంగతి తెలుసని ఆ ఒక్క మాటతో తేలిపోయాక, పక్కింటావిడ వచ్చి కబురు మోసే పేజీలన్నీ దండగ. అందులో నాకెంతో ఇష్టమైన వాన వర్ణన ఉంది. తీసేశాను. ఇలాంటివి వేరే ఫైల్లో దాచుకోవడం ఓ అలవాటు. ఎప్పుడో పనికొస్తాయని ఆశ. ఇంతవరకూ ఒక్కటీ పనికిరాలేదనుకోండి.

ఇక కొడుకు జవాబు చెప్పాలి. మాట్లాడకుండా చెయ్యి కడుక్కోడానికి లేచాడని రాసెయ్యొచ్చు. అది మాకు అలవాటైన దొంగదారి. అమ్మేసినవాడికీ వాడి న్యాయం వాడికి ఉంటుంది: కూతురి ఫీజో, చిట్టీ అప్పో, ఎకరం మీద మిగలని కౌలో. అవి వాడి మాటల్లోనే రావాలి. రిజిస్ట్రారాఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ బల్ల పక్కన ఓ పూట కూర్చుంటే అలాంటివాళ్లు నలుగురైనా తగులుతారు. సోమవారం అక్కడికే.