ఏసీకి తెలియకుండా

కర్లపాలెంలో జాతీయ రహదారి వారగా ఒక రేకుల షెడ్డు. దాని కింద డ్యాష్‌బోర్డు సగం ఊడదీసిన కారు, పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద నేను. కారు మా బావది, పాత షెవర్లె క్రూజ్. కంపెనీ ఇచ్చిన స్టీరియో బాగానే పాడుతోంది. కానీ బావకి పెద్ద స్క్రీన్ కావాలి, మ్యాపు కావాలి, రివర్స్ కెమెరా కావాలి. "స్టీరియో మార్చడానికి పూటంతా ఎందుకు తమ్ముడూ?" అని బావ అడిగితే మెకానిక్ కుర్రాడు తలెత్తకుండానే, "మార్చడం పావుగంటండీ. ఏసీకి తెలియకుండా మార్చాలి కదా, దానికి పూట పడుతుంది" అన్నాడు.

ఆ మాటకే నేను ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయాను.

మారుతి 800 రోజుల్లో ఈ బెడద లేదు. ఏసీ మీట జరిపితే దాని వెనక ఇనుప కేబుల్ లాగేది, అంతే. స్టీరియో దాని పొరుగున ఉండేదే తప్ప చుట్టరికం ఏమీ లేదు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గూడు. ఏ కంపెనీ సెట్టు తెచ్చినా అందులో దూరేది. పసుపు తీగ బ్యాటరీకి, ఎరుపు తాళానికి, నలుపు ఎర్త్‌కి. ఇది తెలిస్తే మెకానిక్ అయిపోయినట్టే.

క్రూజ్ మన దేశానికి 2009లో వచ్చింది. ఇందులో ఫ్యాను ఎంత వేగంలో ఉంది, గాలి మొహానికా కాళ్ళకా, ఎన్ని డిగ్రీలు, ఇవన్నీ కనిపించేది స్టీరియో తాలూకు స్క్రీన్ మీదే. ఏసీ బటన్లు కింద వేరుగా ఉంటాయి. స్టీరియో పీకేస్తే ఏసీ ఆగిపోదు. కాకపోతే గుడ్డిదవుతుంది. నాబ్ తిప్పుతాం, ఎంత తిప్పామో తెలియదు. ఇంకో చిత్రం, ఇండికేటర్ టిక్ టిక్ శబ్దం కూడా స్టీరియో నుంచి స్పీకర్లలోకి వచ్చేదే. ఇక స్టీరియో కప్లర్‌లో తాళానికి వెళ్ళే ఎర్ర తీగ కోసం వెతికితే అసలది ఉండనే ఉండదు. తాళం తిప్పారన్న కబురు కూడా మాటగానే వస్తుంది.

మాటంటే మాటే. 1986లో బాష్ కంపెనీ బయటపెట్టిన క్యాన్ బస్ పద్ధతిని ఊరి రచ్చబండ అనుకోవచ్చు. ఒకరు చెప్పింది అందరికీ వినబడుతుంది, ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుంటారు. ఈ కారులో స్టీరియో, ఏసీ కూర్చున్న రచ్చబండ ఒకే ఒక్క తీగ. దాని మీద సెకనుకు 33,300 బిట్ల చొప్పున కబుర్లు నడుస్తాయి. కొత్త ఆండ్రాయిడ్ సెట్టుకి ఆ భాష రాదు. అందుకని మధ్యలో ఒక దుబాసీ కావాలి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా, క్యాన్‌బస్ బాక్స్ అంటారు.

డబ్బా ఎవరైనా కొనొచ్చు. నేను చూస్తూ కూర్చుంది ఆ కుర్రాడి చేతుల్ని.

ముందు బ్యాటరీ మైనస్ తీశాడు. గేరు చుట్టూ పాత చీర ముక్క పరిచాడు. ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఫ్రేమ్‌ని లాగలేదు, కదిలించి విన్నాడు. ఒక్కో క్లిప్పు "టక్" మన్నాకే రెండోదానికి వెళ్ళాడు. షెవర్లె కార్లు చేసే జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. క్లిప్పు విరిగితే షోరూముకి వెళ్ళి తెచ్చుకునే రోజులు పోయాయి. ఊడిన బోల్టులన్నీ అట్ట గుడ్ల ట్రేలో వేశాడు, ఏ వరసలో ఊడితే ఆ వరస గుంటలో. బిగించేటప్పుడు అదే ట్రే వెనక నుంచి ముందుకు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా "ఇదెక్కడిది?" అనుకోలేదు.

కంపెనీ తీగల్లో ఒక్కటీ కోయలేదు. కప్లర్ నరికేసి తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన పనులు నేను చాలా చూశాను. ఆ రోజుకి పాడతాయి. ఇతను అడాప్టర్‌లో ఒక కొసని కంపెనీ కప్లర్‌కి, రెండో కొసని కొత్త సెట్టుకి పెట్టాడు. రేపు కావాలంటే పాత స్టీరియో మళ్ళీ పెట్టుకోవచ్చు. అతుకు పడింది ఒక్కచోటే, కెమెరా కోసం రివర్స్ లైటు దగ్గర. అక్కడ సోల్డర్ చేసి స్లీవ్ ఎక్కించి వేడి చేశాడు. "సూర్యలంక సముద్రపు గాలి ఇక్కడిదాకా వస్తదండీ. మెలిపెట్టి వదిలేస్తే లోపల చిలుం పడతది" అన్నాడు. మెత్తటి గుడ్డ టేపు చుట్టింది మాత్రం కరెంటు కోసం కాదు. గతుకుల్లో తీగలు ప్లాస్టిక్‌కి కొట్టుకుని గలగలలాడకుండా.

సెట్టు వెలిగింది. బావ పాట పెట్టబోతే ఆపి, సెట్టింగ్స్‌లో కారు మోడల్ ఎంచాడు. ఏసీ నాబ్ తిప్పితే స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఇంకోటి ఎంచాడు. ఫ్యాను వచ్చింది, డిగ్రీలు రాలేదు. మూడోసారికి 24 అని పడింది. అప్పుడు కూడా స్క్రీన్‌ని నమ్మలేదు. కాళ్ళ బొమ్మ వచ్చినప్పుడు అరచెయ్యి కాళ్ళ దగ్గర పెట్టాడు, అద్దం బొమ్మ వచ్చినప్పుడు అద్దం దగ్గర. ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్ వేసి చెవి పెట్టి విన్నాడు. టిక్ టిక్ ఇప్పుడు నల్ల డబ్బాలోని చిన్న బజర్ నుంచి వస్తోంది. శబ్దం కాస్త కీచుగా ఉంది, అదొక్కటే పాతదానికి సాటి రాలేదు.

అయిపోయిందనుకుని లేచాను. అతను బానెట్ ఎత్తి, బ్యాటరీ మైనస్ తీగకి క్లాంప్ మీటర్ తగిలించి, కారు లాక్ చేసి, టీ చెప్పాడు. దుబాసీ మాట్లాడుతూనే ఉంటే మిగతావాళ్ళు పడుకోరట, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుందట. మీటర్ ముందు ఒక ఆంపియర్ పైనే చూపించింది. టీ తాగాం. సగానికి దిగింది, అక్కడే చాలాసేపు నిలబడింది. అతను దాన్ని తప్ప ఇంకేమీ చూడటం లేదు. గ్లాసులు తీసుకెళ్ళే పిల్లాడు వచ్చేసరికి 0.03.

బావ తాళం జేబులోంచి తీశాడు.

"లేపకండి మాస్టారూ," అన్నాడు కుర్రాడు, "ఇంకో అయిదు నిమిషాలు."